ఐజాక్ కట్టిన మూట

ఐజాక్‌కి ఒక అలవాటు ఉండేది. ఇంజను బాగుచేసి అప్పగించేటప్పుడు, అందులోంచి తీసేసిన పాత సామానంతా ఒక గుడ్డలో పెట్టి, గట్టిగా ముడివేసి, దాంతోపాటు ఇచ్చేవాడు. అరిగిపోయిన రింగు, విరిగిన స్ప్రింగు, పనికిరాని వాషరు, ఏదీ వదిలేవాడు కాదు. "మీ పాత సామానండి. విప్పి చూసుకోండి" అనేవాడు. రైతులు, రైసుమిల్లుల వాళ్ళు నవ్వుకుని, ఇంటికెళ్ళే దారిలో ఆ మూటని కాలవలోకి విసిరేసేవారు. అయినా అతను మానలేదు. తను ఏది తీశాడో, ఏది వేశాడో సొంతదారు కళ్ళారా చూసుకోవాలని అతని పట్టుదల. తనకి పని నేర్పిన పెద్దాపురం మేస్త్రీ కూడా అలాగే చేసేవాడట.

ఇక నా సంగతి. నా పేరు ఉదయ్‌భాస్కర్. ముప్పై మూడేళ్ళు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పరీక్ష హాల్లో నేను నిలబడితే పిల్లలు తుమ్మడానికి కూడా భయపడేవారు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాను, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటాను. "మీరు అద్దంలో మీ మొహాన్ని కూడా హాల్‌టికెట్ అడుగుతారు" అని మా ఆవిడ హైమ అంటూ ఉంటుంది. అంటే అననీ. ఈ స్వభావం వల్లే ముప్పై ఏడేళ్ళ కిందట రామచంద్రపురంలో నేనొక దొంగని పట్టుకున్నాను. నడిబజారులో నిలదీశాను. ఆ దొంగ ఐజాక్.

మా నాన్న రామచంద్రమూర్తిగారు కాలవల శాఖలో ఓవర్సీరు. ఆయనకి ఒక మోటారు సైకిలు ఉండేది. ఏరియల్ అని, ఇంగ్లండు బండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడింది. యుద్ధం అయ్యాక అది ఎవరెవరి చేతులో మారి కాలవల శాఖకి చేరింది, 1961లో శాఖవారు వేలం వేస్తే నాన్న పాడుకున్నారు. శాఖవారు దానికి మందంగా ఆకుపచ్చ రంగు వేశారు. నాన్న దానిమీద నల్ల రంగు వేయించారు. ఆ తర్వాత ప్రతి దసరాకీ ఇంకో పూత. ఆ రంగుల కింద ఏ లోహం ఉందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇంజనుకి కుడిపక్కన, లోపలి పళ్ళచక్రాలని కప్పుతూ ఒక మూత ఉంటుంది. అరచేతికన్నా కాస్త పెద్దది. మేం దాన్ని కవరు అనేవాళ్ళం. నేను చెప్పబోయేదంతా ఆ కవరు గురించే.

నాన్న ఆ బండిమీద కాలవగట్లన్నీ తిరిగేవారు. గండి పడిందన్నా, నీళ్ళు ఆపే లాకు తలుపు బిగుసుకుపోయిందన్నా ముందు ఆ డబడబ శబ్దం వినపడేది, తర్వాత ఆయన కనిపించేవారు. 1974 వానాకాలంలో ఒకరోజు వెనక నేను కూర్చున్నాను. గట్టు మీద బురదకి బండి జారి, లాకు పక్కన రాతికట్టుకి కొట్టుకుని కుడివైపు పడ్డాం. ఆ లాకు కాపలా లస్కరు కొడుకు పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ లేపాడు. అతనే ఐజాక్. అప్పటికి ఇరవైనాలుగేళ్ళు, ఆయిలింజన్లు బాగుచేసే పనిలో కొత్తగా దిగాడు. నా కుడికాలికి మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలంత మచ్చ ఇప్పటికీ ఉంది. బండికి కవరు అంచున ఓ పెచ్చు ఊడింది. ఐజాక్ దాన్ని లప్పం పెట్టి పూడ్చి, పైన నల్ల రంగు అద్దాడు. ఆ రోజు నుంచి నాన్న ఆ బండిని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఐజాక్ పని చూడ్డానికి బాగుండేది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. రెండు నిమిషాల తర్వాత "బేరింగండి" అనేవాడు, అంతే. విప్పి చూస్తే బేరింగే. నేను చాలాసార్లు తప్పు దొరుకుతుందేమోనని పక్కనే నిలబడి చూశాను. దొరకలేదు. అది కూడా నాకు కాస్త అనుమానంగానే ఉండేది.

1987లో, ఇంకో ఏడాదికి రిటైరవుతారనగా, నాన్న బండిని మొత్తం విప్పి బాగుచేయమని ఐజాక్‌కి ఇచ్చారు. ఆరు వారాలు పట్టింది. అతను పాతికేళ్ళ రంగు పొరలన్నీ గీకేశాడు. లోహం కనపడేలా పల్చగా ఒక్క పూత వేసి తెచ్చాడు. మేం ముచ్చటపడ్డాం. నెల తిరక్కుండా వానలు పట్టుకున్నాయి, కవరు మీద ఎర్రగా తుప్పు లేచింది.

సరిగ్గా అప్పుడే పల్లంరాజుగారు మా ఇంటికి వచ్చారు. కోటిపల్లి రోడ్డులో ఆయనకి కొబ్బరితోటలు ఉండేవి, తోటల మధ్య షెడ్డులో మాలాంటిదే ఒక ఏరియల్ కూడా ఉండేది. ఆయనది 1938 నాటిది. వంగి మా బండి చూసి పెదవి విరిచారు.

"ఇదేంటండి ఓవర్సీరుగారూ, కవరుకి తుప్పేంటి? నాది అల్యూమినియం అండి. అద్దంలా మెరుస్తుంది. హేండిల్‌కి రబ్బరు పిడులు ఏవండి? కేన్వాసు గుడ్డ తొడిగాడు. కాళ్ళు పెట్టుకునే చోట కూడా ఒట్టి ఇనుమే. మంచి సామానంతా మీ మెకానిక్ మింగేశాడండి!"

"గుడ్డ ముందునుంచీ ఉన్నట్టే గుర్తు..." అని నాన్న గొణిగారు. నేను వినిపించుకోలేదు. నాకు ఇరవై ఏడేళ్ళు, కొత్త ఉద్యోగం, తల నిండా అనుమానం. సైకిలెక్కి నేరుగా సెంటర్లో ఐజాక్ షాపుకి వెళ్ళాను. పక్కనే టీకొట్టు, పదిమంది జనం.

"మా కవరు ఏం చేశావ్?" అన్నాను.

అతను చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఏం చెయ్యలేదండి. అదే కవరండి."

"అల్యూమినియానికి తుప్పు పడుతుందా?"

"అది అల్యూమినియం కాదండి. ఇనపదే. ఫేక్టరీ నుంచే అలా వచ్చిందండి. ఎందుకలా చేశారో నాకు తెలీదుగానీ, నేను మాత్రం మార్చలేదండి."

"ఓహో! ఇంగ్లీషువాళ్ళకి అల్యూమినియం దొరకలేదన్నమాట!" అన్నాను. టీకొట్టు దగ్గర అందరూ నవ్వారు. నా మాటకి నేనే మురిసిపోయాను. ఆ ఊపులో "నువ్వు దొంగవి" అని కూడా అనేశాను.  ఐజాక్ తల వంచి నా కుడికాలివైపు ఒకసారి చూశాడు. భయపడి చూపు తప్పిస్తున్నాడనుకున్నాను.

నాన్న ఆ తర్వాత బండి తీయలేదు. దొంగసామాను తగిలించుకుని తిరుగుతున్నట్టు ఉంటుందని పాత సైకిలు మీద లాకులకి వెళ్ళడం మొదలుపెట్టారు. యాభై ఏడేళ్ళ మనిషి ఎదురుగాలిలో గట్టుమీద సైకిలు తొక్కుతుంటే ఊరంతా చూసింది. ఐజాక్ కూడా చూశాడు.

నెలా పదిహేను రోజులకి, నాన్న ఇంట్లో లేనప్పుడు, అతను మా ఇంటికి వచ్చాడు. కొట్టంలో ఉన్న బండి దగ్గర కూర్చుని గంటసేపు పనిచేసి లేచాడు. చూస్తే తళతళలాడే అల్యూమినియం కవరు! ఎక్కడా ఒక్క గీత లేదు. హేండిల్‌కి రబ్బరు పిడులు కూడా వేశాడు. మామూలుగానే ఒక గుడ్డమూట నా ముందు పెట్టి, "మీ పాత సామానండి. నాన్నగారిని విప్పి చూసుకోమనండి" అన్నాడు. "నాన్నగారిని" అన్న మాట రెండుసార్లు అన్నాడు. అది కూడా నాకు బాగా గుర్తుంది.

నేను గెలిచాను కదా! దొంగసొత్తు తిరిగొచ్చింది. నాలుగు తిడితే కక్కాడని ఊళ్ళో చెప్పుకు తిరిగాను. మూటని ఏం చేయాలో మాత్రం తెలియలేదు. అమ్మ, సీతారామలక్ష్మిగారు, గుమ్మంలోంచే "అది లోపలికి తేకు, నూనె మరకలు" అంది. అది మరక గురించి అన్న మాట ఒక్కటే కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఐజాక్ ఇంట్లోంచి వచ్చిన గుడ్డని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. పనిమనిషి దాన్ని కర్ర చివర్న తగిలించి కొట్టం అటక మీదికి తోసింది. మూట సంగతి నాన్నకి నేను చెప్పలేదు. ఆయన కొత్త కవరు మీద చెయ్యి వేసి నిమిరి, మర్నాటి నుంచి మళ్ళీ బండెక్కారు. ఎనిమిదేళ్ళ తర్వాత పోయేదాకా ఆ విషయం ఎత్తలేదు.

ఊళ్ళో అతనికి కవరు ఐజాక్ అని పేరు పడింది. ఇంజను ఇచ్చేముందు "నట్లు లెక్కపెట్టుకోండర్రా" అనేవారు. రైసుమిల్లుల వాళ్ళు పని మానిపించారు. సెంటర్లో షాపు ఎత్తేసి, కాలవ అవతల రేకుల షెడ్డులోకి మారాడు. అక్కడ మందు కొట్టే పంపులు, తర్వాత్తర్వాత కోత మిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. వంతెన మీద ఎదురైతే "నమస్కారమండి మాస్టారూ" అనేవాడు. తప్పు చెయ్యకపోతే ఇంత వినయమేంటి అనుకునేవాణ్ణి. ఏదో ధ్యాసలో పడి ఒకసారి పలకరించకుండా వెళ్ళిపోతే, మొహం చెల్లక అనుకున్నాను. ఎటు చూసినా నా లెక్క సరిపోయేది.

మొన్న డిసెంబరులో కాకినాడ నుంచి అశోక్ అనే అతను వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పాత మిలటరీ బళ్ళని మునుపటిలా నిలబెట్టడం అతని పని. రాజమండ్రిలో పాత బళ్ళ ప్రదర్శన పెడుతున్నారని, నాన్నగారి బండి అందులో పెడతారా అని అడిగాడు. నాకు ఛాతీ పొంగింది. బండి కడిగి, కవరుకి పాలిష్ పెట్టి ఉంచాను.

అశోక్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. టాంకుకి పెట్టాడు, అంటుకుంది. మడ్‌గార్డుకి పెట్టాడు, అంటుకుంది. కవరుకి పెడితే జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"ఈ కవరు ఎవరో చేయించిందండి. అసలుది కాదు" అన్నాడు.

"బండి మొత్తంలో అసలైనది అదొక్కటే!" అని అరిచాను. "దాన్ని దొంగనుంచి రాబట్టాను నేను!"

అతను నొచ్చుకోకుండా ఇంజను మీద నెంబరు తుడిచి చదివాడు. "ఇది నలభై మూడులో తయారైందండి. యుద్ధం మధ్యలో. అల్యూమినియం అంతా విమానాలకి కావాలని మోటారు సైకిళ్ళకి ఆపేశారు. ఇలాంటి కవర్లు పోత ఇనుముతో చేశారు. అంతకు ముందేడు, జపానువాళ్ళు మా కాకినాడ మీద బాంబులేసిన ఏడాదే కదండీ, రబ్బరు తోటల మలయా వాళ్ళ చేతికి పోయింది. దాంతో రబ్బరు కూడా లేదు. హేండిల్‌కి కేన్వాసు తొడిగారు, కాళ్ళ దగ్గర ఒట్టి ఇనుము వదిలేశారు. మీ దాంట్లో అవి ఉంటే అదే అసలు."

నా ఒళ్ళు మండింది. వీణ్ణి ఐజాకే పంపించి ఉంటాడనిపించింది. "నీకు ఐజాక్ తెలుసా?" అన్నాను. "ఎవరండి ఆయన?" అన్నాడు. మరీ అంత అమాయకంగా అడిగేసరికి అనుమానం రెట్టింపయింది. ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఫోన్లో ఏ బొమ్మైనా చూపించొచ్చు అన్నాను. పాత పుస్తకంలోని నెంబర్ల పట్టిక చూపించాడు. నేను ఇంజను నెంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, అంకెలు తేలాక ఒక్కొక్కటీ సరిచూశాను. నలభై మూడే. లెక్క తప్పలేదు. అందుకు అశోక్ మీద ఇంకా కోపం వచ్చింది.

వెళ్ళబోతూ అతను కవరు మీద వేలు రాశాడు. "ఇది చేసినాయన ఎవరో గొప్ప పనిమంతుడండి. ఆకురాయి గీతలు చూడండి, ఎంత శ్రద్ధో. ఇది డూప్లికేటని అయస్కాంతం లేకపోయినా తెలిసిపోద్దండి. ఎనభై ఏళ్ళు తిరిగిన బండికి ఒక్క దెబ్బైనా ఉండదా?"

అతను వెళ్ళాక కూడా నేను బండి పక్కనే కూర్చున్నాను. దెబ్బ ఎందుకు లేదు? మేం పడ్డాం కదా. రాతికి కొట్టుకుంది కదా. పంచె పైకి లాగి నా కాలు చూసుకున్నాను. మచ్చ ఉంది. కవరు అంచు చూశాను. నున్నగా ఉంది. నా కాలి మీద మచ్చ ఉంది, కవరు మీద పెచ్చు లేదు. ముప్పై ఏడేళ్ళు రోజూ చూస్తున్నాను, పిల్లల జేబుల్లో చీటీలు కనిపెట్టిన కళ్ళతో. దొంగ తిరిగి తెచ్చాడని నేను చాటిన కవరుకి ఆ పెచ్చు ఎందుకు లేదని ఒక్కసారి కూడా అడగలేదు.

"హైమా, ఐజాక్ అప్పుడొక మూట ఇచ్చాడు..." అన్నాను.

"అత్తయ్యగారు కర్రతో తోయించిన మూటేనా? అటక మీదే ఉంది. ఎన్నిసార్లు దులిపినా దాన్ని వదిలేసి దులుపుతున్నాం" అంది. మళ్ళీ "ఎందుకు వదిలేస్తున్నామో నాకిప్పటికీ తెలీదు" అంది. తెలియకపోవడమేం లేదు.

నిచ్చెన వేసుకుని నేనే దించాను. గుడ్డ నల్లగా బిరుసెక్కింది. ముడి రాయిలా ఉంది, ఇనపమేకుతో పొడిచి విప్పాల్సి వచ్చింది. లోపల గ్రీజు పట్టించిన కాగితం. కాగితంలో ఇనప కవరు, పక్కన రెండు కేన్వాసు పిడులు. కవరు అంచున పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు పక్కన, గీకుడు అందని సందులో, మా నల్ల రంగు కింద సన్నగా ఆకుపచ్చ గీత.

అప్పటికీ నా బుర్ర ఊరుకోలేదు. పెచ్చు వాడే కావాలని ఊడగొట్టాడేమో అంది. కానీ ఆకుపచ్చ రంగు శాఖవారిది. 1961 తర్వాత ఆ బండికి ఆ రంగు ఎవరూ వెయ్యలేదు. నల్ల రంగు కింద ఆకుపచ్చ ఉన్న కవరు మా బండిది తప్ప ఇంకొకరిది అయ్యే వీలు లేదు. ఎటునుంచి చేసినా జవాబు ఒకటే వచ్చింది. ఐజాక్ దొంగ కాదు. నేను అతన్ని దొంగని చేశాను. కొట్టం నేలమీద కూర్చుని ఏడ్చాను. హైమ వచ్చి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మూట పట్టుకుని కాలవ దాటాను. ఐజాక్ షెడ్డు ముందు పీట మీద కూర్చుని మందు పంపు విప్పుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. ఒక కంటికి పొర కమ్మింది. భార్య సంపూర్ణమ్మ గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. అతను నా మొహం కన్నా ముందు నా చేతిలో గుడ్డ చూశాడు.

"విప్పారా?" అన్నాడు.

"విప్పాను."

"ఎప్పుడండి?"

"నిన్న."

అతని చేతిలో రెంచి ఆగిపోయింది. "నిన్ననా?" అన్నాడు. మెల్లగా రెంచి కింద పెట్టాడు. "నేనింకా... నాన్నగారు ఆరోజే విప్పారనుకున్నానండి. విప్పి, పెచ్చు చూసి, నేను తియ్యలేదని తెలుసుకున్నారనుకున్నాను. తెలిసి కూడా ఇంటి పరువు కోసం ఊరుకున్నారనుకున్నానండి. ముప్పై ఏడేళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను మాస్టారూ. మంచాయన్ని."

 అనుమానం నా ఒక్కడి సొత్తనుకున్నాను. దాన్ని నేను ఇతని ఇంటికి కూడా అంటించాను.

"మరి అల్యూమినియం కవరు ఎందుకు చేశారండి?" అన్నాను. ఐజాక్‌ని మీరు అనడం అదే మొదలు. "చేసి ఇవ్వబట్టే కదా అందరూ నమ్మారు."

"ఏం చెయ్యమంటారండి. ఆయన ఎదురుగాలిలో సైకిలు తొక్కుతా ఎల్తుంటే చూళ్ళేకపోయాను. మీకు అల్యూమినియం కావాలన్నారు, ఇసకలో అచ్చు తీసి పోత పోశాను. అచ్చులో పెచ్చు పడకుండా అక్కడ ముందే మైనం పెట్టి సాపు చేశాను. తర్వాత లప్పం, మైనం గీకేసి, పెచ్చు కనపడేలా పాతది మూటలో పెట్టాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే చిన్నపిల్లోడికైనా తెలిసిపోద్ది కదండీ. ఎవరూ విప్పరని నాకేం తెలుసు?"

సంపూర్ణమ్మ తలెత్తకుండానే అంది: "మా చర్చిలో ఆదివారం కానుకల సంచి తిప్పుతారండి. ఆ తిప్పే పని వంతులవారీగా అందరి చేతులకీ ఇచ్చారు. ఈయన చేతికి ఇన్నేళ్ళూ ఇవ్వలేదు. అడిగితే, అందరూ ఏమనుకుంటారమ్మా అనేవారు చర్చి పెద్దలు."

నేను చేతులు జోడించి "క్షమించండి ఐజాక్ గారూ. ఈ కవరు మీ చేత్తో మళ్ళీ బిగించండి" అన్నాను.

"నేను బిగించనండి" అన్నాడు. గొంతులో కోపం లేదు, మాట మాత్రం కదలనట్టు ఉంది. "నేను తీశానని మీరన్నారు. మీరే తియ్యండి, మీరే పెట్టండి. ఎక్కడ అన్నారో అక్కడ. ఆదివారం చర్చి వదిలే వేళకి."

ఆదివారం పొద్దున బండిని నెట్టుకుంటూ సెంటర్‌కి తీసుకెళ్ళాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. ఐజాక్ తెల్ల చొక్కా వేసుకుని టీకొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన బైబిలు పట్టుకుని సంపూర్ణమ్మ. నేను బండి పక్కన గొంతుక్కూర్చుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. నా చేతికి చాక్‌పీసు తప్ప ఇంకేం అలవాటు లేదు. మొదటి స్క్రూకే వేలు చీరుకుంది.

"ఎడమకండి, ఎడమకి" అన్నాడు ఐజాక్.

చర్చి వదిలారు. జనం ఆగారు. టీకొట్టు వెంకన్న నవ్వుతూ "ఏంటి మాస్టారూ, కవరు ఐజాక్ దగ్గర పని నేర్చుకుంటున్నారా?" అన్నాడు. అతని తండ్రి ఇదే కొట్టు దగ్గర ఆరోజు నా మాటకి నవ్వాడు.

"అసలు కవరు ఇదీ. ఈయన తియ్యలేదు. మా ఇంట్లోనే ఉంది" అని కిందికి చూస్తూ అన్నాను.

"వినపడలేదండి" అన్నాడు ఐజాక్. ఇంజనులో బేరింగు అరుగుదల కూడా వినిపించే మనిషి.

లేచి నిలబడ్డాను. ముప్పై మూడేళ్ళు క్లాసులో వాడిన గొంతు మొత్తం తీశాను. "ఐజాక్ గారు మా సామాను ఏమీ తియ్యలేదు! అది మా అటక మీద ఉంది, ఆయన ఇచ్చిన మూటలోనే, మొదట్నుంచీ! మేం విప్పలేదు! ఈయన దొంగని అన్నది నేను, తప్పు నాది!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చర్చి పెద్దాయన ఒకరు ముందుకొచ్చి ఇనప కవరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నేను పెచ్చు చూపించాను, ఆకుపచ్చ గీత చూపించాను, పంచె ఎత్తి కాలి మచ్చ కూడా చూపించాను. ఆయన ఐజాక్ భుజం మీద చెయ్యి వేశారు.

గంట పట్టింది కవరు బిగించడానికి. ఐజాక్ మూడుసార్లు విప్పించి మళ్ళీ బిగించమన్నాడు. మూడోసారి అవసరం లేదని నా అనుమానం. అడగలేదు.

అయిపోయాక అతను జేబులోంచి ఒక గుడ్డ తీశాడు. ఉతికిన గుడ్డ. అల్యూమినియం కవరుని అందులో పెట్టి, ముడివేసి, రెండు చేతులతో నాకు అందించాడు.

"మీ పాత సామానండి. విప్పి చూసుకోండి."

నేను అక్కడే, అందరి ముందూ, ముడి విప్పాను. కవరు తిప్పి లోపలి వైపు చూశాను. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "దేంతో పోశారండి ఇంత అల్యూమినియం?" అన్నాను.

 సంపూర్ణమ్మ చెప్పింది. "నా గిన్నెలండి. మా అమ్మ నా పెళ్ళికి పెట్టినవి. అన్నం గిన్నె, గంజి తపేలా, మూతలు. ఉన్నయ్యే అవి. రెండేళ్ళు మట్టికుండలో వండాను."

కవరు ఆమె చేతుల్లో పెట్టాను. "ఇది మీది. తీసుకోండమ్మా" అన్నాను. 

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, కొంగుతో వేలిముద్రలు తుడిచి, మళ్ళీ నాకే ఇచ్చేసింది.

"ఇప్పుడిందులో అన్నం వండుకోలేను కదండీ మాస్టారూ" అంది.